అరువు ఊహలతో సొంత లోకం: ఎపిక్ ఫాంటసీ రాసేవారికి ఒక పద్ధతి

తెలుగులో ఎపిక్ ఫాంటసీ నవల మొదలుపెట్టిన కొత్త రచయితలు చాలామంది తొలి అధ్యాయాలు పూర్తికాకముందే ఒక సందేహం దగ్గర ఆగిపోతారు. రాజ్యం పోగొట్టుకున్న వారసుడు, మహిమ గల ఆయుధం, అడవులూ కొండలూ దాటి సాగే ప్రయాణం, చీకటి శక్తితో చివరి యుద్ధం, ఇవన్నీ ఎవరో ఒకరు ఇప్పటికే రాశారు కదా, ఇక తాము రాసేది అనుకరణ కాక మరేమవుతుందన్నది ఆ సందేహం. అది రావడం మంచిదే. దాన్ని భయంగా మిగిలిపోనివ్వకుండా పనిగా మార్చుకునే పద్ధతి ఒకటి ఉంది. విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఉండి రాసేవారిని దృష్టిలో పెట్టుకుని, వారికి చేతికందే చోట్లనూ పుస్తకాలనూ ఉదాహరణలుగా తీసుకుని దాన్ని వివరిస్తాను.

నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. ఒక ఊహ ఎక్కడినుంచి వచ్చిందన్నదాన్ని బట్టి రచన సొంతమో అరువో తేల్చలేము. వచ్చిన ఊహ మీ కథలో ఏ నియమానికి లోబడి పనిచేస్తున్నది, అందుకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు, ఆ నియమాన్ని మీరు ఏ నేలమీద నిలబడి కనుక్కున్నారు అన్న ప్రశ్నలే దాన్ని తేలుస్తాయి.

మొదటి పని: అరువుల పట్టిక

కథ ఒక రూపానికి వచ్చాక ఒక నోటుపుస్తకంలో అందులోని ముఖ్యమైన అంశాలన్నీ వరుసగా రాయండి. జాతులు, మంత్రశక్తులు, ఆయుధాలు, రాజ్యాలు, కథను మలుపు తిప్పే సంఘటనలు, ప్రతినాయకుడి కోరిక, ఏదీ వదలవద్దు. ఒక్కొక్కదాని పక్కన రెండు సంగతులు నమోదు చేయాలి. దీన్ని నేను మొదట ఎక్కడ చదివాను లేదా చూశాను అన్నది ఒకటి. నేను చదివిన ఆ రచయితకు అది ఎక్కడినుంచి వచ్చింది అన్నది రెండవది. మొదటిదానికి జవాబు ఇంట్లో కూర్చుంటేనే దొరుకుతుంది. రెండవదానికి విజయవాడ రామమోహన గ్రంథాలయానికో వేటపాలెం సారస్వత నికేతనానికో వెళ్ళవలసి రావచ్చు, ఆ శ్రమ పడిన రచయితకూ పడని రచయితకూ తేడా నవల మధ్యలోకి వచ్చేసరికి స్పష్టంగా తెలుస్తుంది.

ఈ ప్రక్రియకు ఆద్యుడిగా చాలామంది భావించే టోల్కీన్‌నే తీసుకుందాం. 1937లో వెలువడిన ఆయన ‘ది హాబిట్’లో థోరిన్, ద్వాలిన్, బిఫుర్, బోఫుర్ వంటి మరుగుజ్జుల పేర్లు, చివరికి మాంత్రికుడు గాండాల్ఫ్ పేరు కూడా ‘వోలుస్పా’ అనే ప్రాచీన నార్స్ కావ్యంలోని మరుగుజ్జుల జాబితాలో ఉన్నవే. నిధిని కాపలా కాస్తున్న డ్రాగన్ దగ్గరనుంచి ఒక పాత్రను దొంగిలించడం, దానితో డ్రాగన్‌కు కోపం రావడం ‘బేవుల్ఫ్’లో ఉన్న ఘట్టం. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఆంగ్ల సాహిత్యం బోధించిన ఆచార్యుడికి ఈ కావ్యాలు నిత్యపఠనం. అయితే అదే పుస్తకంలో, రోజుకు చాలాసార్లు తింటూ, ఇల్లు కదలడానికి ఇష్టపడని చిన్న మనుషుల జాతిగా హాబిట్లను తీర్చినవాడు ఆయనే. ఉమ్మడి సొత్తూ సొంత కల్పనా ఒకే పుటలో పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి, పాఠకుడిగా మనకు రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. రచయితగా వాటిని విడదీయాలి. 1974లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట రూపకర్తలకు ఈ తేడా అనుభవంలోకి వచ్చింది. మరుగుజ్జులను, ఎల్ఫ్‌లను వారు నిరాటంకంగా ఉంచుకోగలిగారు. హాబిట్ అనే పేరును మాత్రం హక్కుదారుల అభ్యంతరంతో మార్చుకోవలసి వచ్చింది.

పట్టికలోని ప్రతి అంశాన్నీ ఇప్పుడు మూడు గుంపుల్లో ఏదో ఒకదానిలో వేయండి. తరతరాల ఉమ్మడి సొత్తు మొదటి గుంపు, ఈ ప్రక్రియకు పట్టిన అలవాట్లు రెండవది, ఒక్క మనిషి సొంత కల్పన మూడవది. మొదటి గుంపును స్వేచ్ఛగా వాడుకోవచ్చు. మూడవదాన్ని తాకకపోవడం మర్యాద, చాలా సందర్భాల్లో చట్టం కూడా. అందరూ ఏమరుపాటుగా ఉండేది రెండవ గుంపు విషయంలో. అలవాటు ఎవరి సొత్తూ కాదు కాబట్టి ఎవరూ అడగరు, అందువల్లనే అది నవల నిండా పేరుకుపోతుంది. కృష్ణా తీరంలో పుట్టి పెరిగిన రచయిత నవలలో పాత్రలు ఉన్ని దుప్పట్లు కప్పుకుని, పూటకూళ్ళ ఇంట్లో నెగడు పక్కన రొట్టె, జున్ను తింటూ, ముసుగు వేసుకున్న అపరిచితుడి నోట జోస్యం విని, రోహిణీకార్తె ఎండ ఒక్కనాడూ తగలకుండా నెలల తరబడి నడుస్తుంటారు. వారిని అక్కడ నడిపిస్తున్నది కథ అవసరం కాదు, చదివిన పుస్తకాల అలవాటు. రెండవ గుంపులో చేరిన ప్రతి అంశం దగ్గరా ఇది లేకపోతే నా కథ ఎక్కడ ఆగిపోతుందని ప్రశ్నించుకోండి. ఎక్కడా ఆగకపోతే తీసివేయండి.

చట్టం గురించి తెలియవలసినంత

మన దేశంలో ఈ విషయానికి వర్తించేది 1957 నాటి కాపీరైట్ చట్టం. ఊహకు, ఇతివృత్తానికి, కథాంశానికి, చారిత్రక లేదా ఐతిహ్య విషయాలకు కాపీరైట్ ఉండదనీ, వాటిని ఒక రచయిత వ్యక్తీకరించిన రూపానికి, పద్ధతికి, అమరికకే రక్షణ ఉంటుందనీ ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లో స్పష్టంగా చెప్పింది. రచయిత జీవితకాలం, ఆ పైన అరవై ఏళ్ళు ఆ రక్షణ కొనసాగుతుంది. ఆ అరవై ఏళ్ళను మరణించిన మరుసటి సంవత్సరం మొదటినుంచి లెక్కిస్తారు. టోల్కీన్ 1973లో మరణించారు కాబట్టి ఆయన జీవితకాలంలో ప్రచురించిన రచనలకు మన దేశంలో 2033 చివరివరకు రక్షణ ఉంటుంది. ఒక జాగ్రత్త చాలామందికి తట్టదు: మూలం వెయ్యేళ్ళనాటిదైనా, దానికి ఈమధ్య వచ్చిన అనువాదం అనువాదకుడి సొత్తు. ‘కథాసరిత్సాగరం’లోని కథను తీసుకోవచ్చు, కాని ఆధునిక అనువాదంలోని వాక్యాలను తీసుకోరాదు.

చట్టం ఇంతవరకే చెబుతుంది. శిక్ష పడనంత మాత్రాన రచన సొంతం కాదు, అందుకు మరింత సూక్ష్మమైన కొలత కావాలి.

ప్రతిబింబం, ఆలేఖ్యం, తుల్యదేహం

ఆ కొలత మన అలంకారశాస్త్రంలోనే సిద్ధంగా ఉంది. తొమ్మిదవ శతాబ్దపు ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ చివరి ఉద్యోతంలో, అంటే చివరి అధ్యాయంలో, కవుల మధ్య పోలికలను మూడు విధాలుగా విభజించాడు. అద్దంలో ప్రతిబింబం వంటి పోలిక ఒకటి, ఆలేఖ్యం అంటే చిత్రపటం వంటిది ఒకటి, ఇద్దరు మనుషుల రూపం కలిసినట్లుండే తుల్యదేహం మరొకటి. మొదటిదానికి తనదైన ఆత్మ లేదనీ, రెండవదానికి ఉన్న ఆత్మ అల్పమనీ, మూడవదానికి తన ఆత్మ తనకు ఉంది కాబట్టి కవి దాన్ని వదులుకోనక్కరలేదనీ ఆయన నిర్ణయం. ఆ తరువాత వచ్చిన రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో ఈ విభాగాన్ని విస్తరించి, మూలం ఒకటే అయినా కూర్పు పూర్తిగా మారిపోయినదాన్ని పరపురప్రవేశంతో, అంటే ఒక ప్రాణి మరో శరీరంలో చేరడంతో పోల్చి నాలుగవ విధంగా చేర్చాడు. దొంగ కాని కవి లేడని కూడా ఆయన నిర్మొహమాటంగా అన్నాడు. ఇప్పటి రచనా శిక్షణ పుస్తకాలలో దీనికి సాటిరాగల సాధనం నాకు కనిపించలేదు, అందువల్ల దీన్ని ఒక ఉదాహరణతో పూర్తిగా వాడి చూపిస్తాను.

టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లోని, ధరించినవారి మనసును చెడగొట్టే మహిమ గల ఉంగరం, దాన్ని నాశనం చేయడానికి అగ్నిపర్వతం దాకా సాగే ప్రయాణం అనే ఇతివృత్తాన్ని తీసుకోండి. ఉంగరాన్ని కడియంగా మార్చి, అగ్నిపర్వతాన్ని అగ్నిగుండంగా మార్చి, నమ్మినబంటుతో సహా మిగతా అందరినీ యథాతథంగా ఉంచితే అది ప్రతిబింబం. కథను తెలుగు నేలకు తరలించి, కడియాన్ని నాగమణి చేసి, మాంత్రికుణ్ణి సిద్ధుడిగా, శత్రుసైన్యాన్ని రాక్షసులుగా మార్చి, సంఘటనల వరుసను మాత్రం అలాగే ఉంచితే అది చిత్రపటం. రంగులు కొత్తవైనా, తరువాతి మలుపు ఏమిటో పాఠకుడికి ముందే తెలిసిపోతుంది. మన దగ్గర రాతప్రతులు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. స్థానికమైన పేర్లు పెట్టాం కాబట్టి సొంతమైపోయిందని రచయిత నమ్ముతాడు.

తుల్యదేహానికి చేరాలంటే వస్తువును పక్కన పెట్టి, దాని వెనక ఉన్న ప్రశ్నను పట్టుకోవాలి. శక్తి చేతిలో ఉంచుకుని మంచివాడుగా మిగలడం సాధ్యమా అన్నది ఇక్కడి ప్రశ్న. ఆ ప్రశ్న మీ ఊళ్ళో ఎక్కడ ఉంది? కృష్ణా డెల్టాలో అది కాలువ లాకుల దగ్గర ఉంది. బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయినప్పటినుంచి, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చిన తరువాత కూడా, నీరు ముందు ఎవరి పొలానికి, ఏ నెలలో, ఎన్ని రోజులు అన్నదే ఈ ప్రాంతపు రాజకీయం. ఆయకట్టు మొదట్లో ఉన్న ఊరికీ చివరి ఊరికీ జీవితమే వేరు. ఇప్పుడు ఒక రాజ్యాన్ని ఊహించండి. అక్కడి నదిని ఒకే ఒక తాళపుచెవి పట్టి ఉంచుతుంది. దాన్ని ఒకవైపు తిప్పితే ఒక కాలువ పారుతుంది, అదే క్షణంలో మరొకటి ఎండుతుంది. ఆ తాళపుచెవి ఎవరి చెవిలోనూ గుసగుసలాడదు, ఎవరినీ మాయ చేయదు. దాన్ని మోసేవాడి ఇంటి ముందు మాత్రం తెల్లవారేసరికి జనం నిలబడి ఉంటారు. నారుమడి ఎండిపోతున్నదని ఏడ్చినవాడికి అతడు జాలితో నీరు ఇస్తాడు, ఆ జాలివల్లనే చివరి ఊరి నేల బీటలు వారుతుంది. కొన్నేళ్ళు గడిచేసరికి వేడుకోవడానికి వచ్చినవారెవరో బెదిరించడానికి వచ్చినవారెవరో అతడికి తెలియని స్థితి వస్తుంది. చెడిపోయిన క్షణం ఇదీ అని వేలుపెట్టి చూపడానికి ఒక్కటీ ఉండదు.

ఇక ముగింపు తనంతట తానే మారుతుంది. ఈ వస్తువును నిప్పులో వేయడానికి లేదు, వేస్తే నది అన్ని ఊళ్ళనూ ముంచుతుంది. ముక్కలు చేసి ఊరికొకటి పంచితే తగవులు మొదలవుతాయి. చివరి ఊరినుంచి ఒక అమ్మాయి నది పుట్టిన దిక్కుకు నడుస్తూ వస్తుంది కాబట్టి ప్రయాణం కథలో మిగిలింది, అయితే ఆమె దేన్నీ నాశనం చేయడానికి రావడం లేదు, అడగడానికి వస్తున్నది. ఆమె దాటే ప్రతి ఊరూ ఆమె ఊరి నీటిని తాగుతున్న ఊరే కావడం వల్ల, దారిలో ఆతిథ్యం ఇచ్చేవారందరూ ఆమెకు రుణపడినవారూ, ఆమెను ఆపవలసినవారూ అవుతారు. వస్తువు పేరు మార్చినప్పుడు ఇవేవీ పుట్టలేదు, దాని నియమం మార్చగానే పుట్టాయి. పట్టికలోని పెద్ద అంశాలన్నింటికీ ఈ కసరత్తు చేయండి. చిన్నవాటికి అవసరం లేదు; గుర్రాలకూ కత్తులకూ కొత్త నియమాలు కనిపెడుతూ కూర్చుంటే నవల కదలదు.

మూలానికి వెళ్ళడం, పక్కనే ఉన్నదాన్ని చూడడం

ఇప్పటి ఫాంటసీ నవలలను మాత్రమే చదివి ఫాంటసీ రాసేవారు రెండోచేతి, మూడోచేతి సరుకుతో పని చేస్తున్నారు. టోల్కీన్ మరో ఫాంటసీ రచయితను కాక ప్రాచీన కావ్యాలను చదివాడు. మనకూ అటువంటి మూలాలు బస్సు దూరంలో ఉన్నాయి.

పలనాటి యుద్ధాన్ని చూడండి. పన్నెండవ శతాబ్దపు ఈ దాయాదుల పోరులో జూదం ఉంది, ఓడినవారికి ఏడేళ్ళ ప్రవాసం ఉంది, రాయబారం ఉంది, రాయబారిగా వెళ్ళిన అలరాజు మరణం ఉంది, చిన్న వయసులో యుద్ధానికి కదిలిన బాలచంద్రుడు ఉన్నాడు. భారతకథతో పోలిక అందరికీ తెలిసినదే. అయితే పాచికలు ఇక్కడ కోడిపందెమయ్యాయి. ఎదుటి పక్షాన్ని నడిపే మంత్రాంగం నాయకురాలు నాగమ్మ అనే స్త్రీ చేతిలోకి వచ్చింది. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన చాపకూడు కథలో చేరింది. మారిన ఈ అంశాలే ఆ కథను పలనాడుదిగా నిలబెట్టాయి. శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపదకావ్యం చదవండి, తరువాత కార్తీక అమావాస్యకు కారంపూడి వీరుల తిరునాళ్ళకు వెళ్ళి, అక్కడ ఆయుధాలకు జరిగే పూజను, వీరవిద్యావంతులు కథ పాడే తీరును గమనించండి. ఆయుధం వీరుడికి గుర్తుగా నిలిచి, తరతరాలుగా పూజలందుకోవడం ఎలాంటిదో అక్కడ కళ్ళకు కడుతుంది. మీ నవలలోని మహిమ గల కత్తికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ వీరులు అక్కడి కుటుంబాలకు కొలుపులందుకునే పెద్దలు. వారి పేర్లతోనే దుష్టపాత్రలను సృష్టించడం రచయిత స్వేచ్ఛ కిందికి వస్తుందని నేను అనుకోను. నిర్మాణాన్ని తీసుకోండి, పేర్లను వారికే వదిలిపెట్టండి.

అమరావతి దగ్గరి ధరణికోట, అంటే ఒకనాటి ధాన్యకటకం గురించి చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ ఏడవ శతాబ్దంలో రాసిపెట్టిన ఒక ఐతిహ్యం ఇంకా ఆశ్చర్యకరమైనది. భావవివేకుడనే బౌద్ధాచార్యుడు రాబోయే మైత్రేయ బుద్ధుణ్ణి కళ్ళారా చూడాలని కోరుకున్నాడు. అంతకాలం జీవించడానికి, నగరానికి దక్షిణాన ఉన్న కొండలోని అసురుల ప్రాసాదంలో ప్రవేశించాలని అతడికి ఉపదేశం అందింది. మూడేళ్ళ మంత్రజపం తరువాత, మంత్రించిన ఆవాలతో కొట్టగానే రాయి తెరుచుకుంది. గుమికూడిన జనం అది విషసర్పాల బిలమని భయపడి వెనుకాడారు, ఆరుగురు మాత్రం ఆయన వెంట లోపలికి వెళ్ళారు, రాయి మూసుకుపోయింది. గుంటూరు ప్రాంతపు రచయిత దూరదేశపు గుహద్వారాలను, రహస్య వాక్యాలను వెతుక్కోవడం నాకు బాధ కలిగిస్తుంది, ఇటువంటి ద్వారం ఇంటి దగ్గరే ఉన్నందువల్ల. ఇందులోనుంచి తీసుకోవలసింది తెరుచుకునే రాయిని కాదు, అది ఎన్నో కథల్లో ఉంది. జ్ఞాని అయినవాడు అసురుల ఇంట్లో అతిథిగా కాలాన్ని గడపడం, రాని గురువు కోసం నిరీక్షించడం, బయట నిలిచిపోయిన జనానికి ఆ తరువాత ఏమైందన్నది, ఇవి కొత్త కథకు బీజాలు.

నాగార్జునకొండను కూడా ఇదే దృష్టితో చదవాలి. జలాశయంలో మునిగిపోకముందు 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిగాయి, కొన్ని కట్టడాలను ద్వీపం మీదికీ, అనుపు ఒడ్డుకూ తరలించి తిరిగి నిలబెట్టారు. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసినట్లు శాసనాలు చెబుతాయి. అదే వంశపు స్త్రీ చాంతిసిరి అక్కడి బౌద్ధ మహాచైత్యానికి దాత. ఒకే ఇంట్లో పురుషులు ఒక ధర్మాన్నీ, స్త్రీలు మరొక ధర్మాన్నీ పోషించిన రాజవంశం ఫాంటసీ నవలలో కనిపిస్తే దాన్ని సాహసోపేతమైన కల్పన అంటారు.

తెలిసిన కథను తీసుకునేటప్పుడు

రామాయణ భారతాల మీద ఆధారపడే నవలకు వేరే జాగ్రత్తలున్నాయి. ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం (అందరికీ తెలిసిన కథ), ఉత్పాద్యం (కవి కల్పించినది), మిశ్రం (రెండూ కలిసినది) అని పూర్వులు విభజించారు. మీ నవల ఈ మూడింటిలో ఏదో ముందే నిశ్చయించుకోండి, ఎందుకంటే పాఠకుడితో మీ ఒప్పందం దానిమీద ఆధారపడి ఉంటుంది. అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’కు మూలం మార్కండేయ పురాణంలోని ఒక ఉపకథ, దాన్ని అంతకుముందే మారన తెలుగులో చెప్పి ఉన్నాడు. కథ తెలిసినదే అయినా, పాదలేపంతో హిమాలయాలకు వెళ్ళిన ప్రవరుడి తొందరను, వరూధిని మనసును పెద్దన నిలిపి చూపినంతగా మూలం చూపలేదు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో మరో దారి పట్టాడు. నారదుడు, రంభ, ద్వారక వంటి తెలిసిన పేర్లను ఉంచుకుని, వాటి చుట్టూ ఎక్కడా లేని కథను అల్లాడు. ఆ నవలవంటి కావ్యాన్ని ఫాంటసీ రాయదలచిన ప్రతి తెలుగు రచయితా వచనంలోనైనా ఒకసారి చదవాలని నా కోరిక. కథలో కథ, రూపాల మార్పిడి, ఒకరి మాట మరొకరి జన్మగా మారడం అందులో ఎంత పకడ్బందీగా కుదిరాయో చూస్తే, ఈ ప్రక్రియ మనకు దిగుమతి అయిందన్న అపోహ పోతుంది.

చెప్పిన కథనే మళ్ళీ చెప్పడం గురించి, విజయవాడలో ఉండి ఇక్కడి కళాశాలలో పాఠాలు చెప్పిన విశ్వనాథ సత్యనారాయణ ‘రామాయణ కల్పవృక్షం’ ఆరంభంలోనే సమాధానం ఇచ్చుకున్నారు. లోకం రోజూ తిన్న అన్నమే తింటున్నదనీ, ఎవరి రుచి వారిదనీ ఆయన వాదం. ఆ ధైర్యం తీసుకోండి, దానితోపాటు ఆ బాధ్యతనూ తీసుకోండి: మీ రుచి ఏమిటో మీకు తెలియకపోతే పునఃకథనం మొదలుపెట్టకండి.

ఒక చిన్న సూత్రం చాలాసార్లు ఉపయోగపడుతుంది. పురాణం నుంచి పేరు వదిలి, నియమాన్ని తీసుకోండి. బ్రహ్మాస్త్రం అనే పేరు పెట్టి పెద్ద పేలుడు చూపడం అందరూ చేస్తున్న పని. సౌప్తిక పర్వంలో ఆ అస్త్రానికి ఉన్న నియమం వేరు: అర్జునుడు, అశ్వత్థామ ఇద్దరూ అస్త్రాలు వదిలారు, ఉపసంహరించమని ఋషులు అడిగినప్పుడు నియమనిష్ఠ గల అర్జునుడు వెనక్కు తీసుకోగలిగాడు, అశ్వత్థామకు అది చేతకాలేదు. ప్రయోగించడం ఎవరైనా నేర్చుకోవచ్చు, వెనక్కు పిలవడానికి వేరే జీవితం జీవించి ఉండాలి అన్న ఈ నియమాన్ని మీ సొంత మంత్రవిద్యకు పెట్టండి. అప్పుడు మీ గురుకులంలో ఏం బోధిస్తారు, ఎవరిని మధ్యలో పంపించివేస్తారు, యుద్ధానికి ముందు రాజు ఎవరిని ఎంచుకుంటాడు అన్నవన్నీ దానినుంచే తేలతాయి.

పేర్లు, మాటలు

పేర్లలో అరువు అన్నింటికంటే ముందు బయటపడుతుంది. నోటికి తిరగని హల్లులు పేర్చి విదేశీ ధ్వని తెప్పించడమూ, ప్రతి పాత్రకూ సంస్కృత సమాసం తగిలించడమూ ఒకే రకమైన అలసత్వం. అమరావతి, నాగార్జునకొండ శాసనాల్లోని ప్రాకృత నామాలను చదివి, ఒక జాతి పేర్లు ఏ ధ్వనితో ముగుస్తాయో, ఆడవారి పేర్లలో ఏ మార్పు వస్తుందో గమనించి, మీ రాజ్యానికి అటువంటి క్రమం ఒకటి ఏర్పరచండి. కొండజాతికీ తీరజాతికీ వేర్వేరు క్రమాలుండాలి. ఆ తరువాత పేరు వినగానే పాత్ర ఎక్కడిదో పాఠకుడు గుర్తుపడతాడు, మీరు వేరే చెప్పనక్కరలేదు.

రాతప్రతి పూర్తయ్యాక

సరిచూసుకోవడానికి రెండు పరీక్షలు సరిపోతాయి. పేర్లన్నీ తీసేసి, పాత్రలను వారి పనితోనే సూచిస్తూ, కథను ఒక పేజీలో రాయండి. దాన్ని ఈ ప్రక్రియను బాగా చదివిన ఒకరికి ఇచ్చి, చదువుతుండగా ఏ పుస్తకం గుర్తుకు వచ్చిందో, ఎక్కడ గుర్తుకు వచ్చిందో మార్జిన్‌లో రాయమనండి. వేర్వేరు చోట్ల వేర్వేరు పుస్తకాలు గుర్తుకు వస్తే కంగారు పడవలసింది లేదు. ఒకే పుస్తకం మళ్ళీ మళ్ళీ, అదే వరుసలో గుర్తుకు వస్తే మీరు చిత్రపటం దగ్గరే ఉన్నారు, ఆ వరుసను తెంచాలి. రెండవ పరీక్ష ఫాంటసీ చదవని పాఠకుడితో. ఏ నియమం అర్థం కాలేదో అడగండి. తెలిసినవారికి మాత్రమే అర్థమయ్యే చోట, వివరించవలసిన భారాన్ని మీరు మరో రచయిత పుస్తకం మీద వేశారన్నమాట.

రాస్తుండగానే మీ కథను పోలిన పుస్తకం మరొకరిది వెలువడితే, వెంటనే రాతప్రతిని చించివేయకండి, ఆ పుస్తకాన్ని వెంటనే చదవకండి కూడా. మీ ప్రతి పూర్తిచేసి, తేదీలతో సహా చిత్తుప్రతులు భద్రపరచి, ఆ తరువాత చదివి, ఎక్కడెక్కడ కలిశాయో పట్టికలో చేర్చి, తుల్యదేహానికి ఇవతల ఉన్నవాటిని మాత్రం మార్చండి.

చివరగా పుస్తకం వెనక కృతజ్ఞతల పుట. అరువు తెచ్చుకున్నది బాహాటంగా చెప్పిన రచయితను పాఠకులు చిన్నచూపు చూడరు. మూలగ్రంథాల పేర్లు, మీరు చదివిన అనువాదకుల పేర్లు, శాసనాల సంపుటాలు అక్కడ ఉండాలి. తిరునాళ్ళలో పాట విని ఒక ఘట్టం రాసి ఉంటే, పాడినవారి అనుమతి తీసుకుని, వారు సమ్మతిస్తే వారి పేరు, ఊరు రాయండి; వారి పదాలు యథాతథంగా వాడుకుంటే పారితోషికం కూడా వారికి చెందాలి. ముద్రణ తరువాత ఎవరైనా పాఠకుడు మీరు గమనించని మూలాన్ని చూపిస్తే, దాన్ని పరిశీలించి తరువాతి ముద్రణలో ఆ పుటకు చేర్చండి.